చదివింది గీసి చూద్దాం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు గొప్పదని చెప్పడానికి మేము లేవలేదు. అది మీకందరికీ తెలిసిందే. చదివింది బుర్రకెక్కాలంటే ఏం చేయాలన్న చిన్న సంగతి ఒక్కటే మనవి చేస్తాము.

ముందు మా ఇంటి సంగతే చెబుతాము. కొన్నేళ్ల క్రిందట మా అబ్బాయి స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాడు. ప్రకటన రెండు పేజీలుంది. వాడూ చదివాడు, మేమూ చదివాము. ఆదాయ ధ్రువపత్రం జతపరచాలని మొదటి పేజీలో ఉంది. అది ఫలానా తేదీ తరువాత తీసుకున్నదై ఉండాలని రెండో పేజీ చివర ఉంది. మొదటిది చూశాము. రెండోది కళ్లముందే ఉన్నా పట్టించుకోలేదు. పాత పత్రం జతచేశాము, దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆ ఏడాది ఫీజుకు వాళ్లమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. తప్పు మాదే. అక్షరాలు చదవడం వచ్చింది గాని, విషయాన్ని విడదీసి చూడడం రాలేదు.

మరుసటి ఏడు తెల్లకాగితం మీద నాలుగు గడుల పట్టిక గీశాము. ఏ కాగితం కావాలి? ఎక్కడ దొరుకుతుంది? ఏ తేదీది అయి ఉండాలి? ఎప్పటిలోగా ఇవ్వాలి? ఒక్కొక్క వాక్యం చదువుతూ గడులు నింపుతూ పోయాము. రెండు గడులు ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీలే మాకు దారి చూపించాయి. ఏం అడగాలో తెలుసుకుని ఆఫీసుకు వెళ్లి అడిగాము. పని జరిగింది.

ఇదేమీ కొత్త విద్య కాదు. మన ఇళ్లలో షజ్రా ఉంటుంది కదా! "మా తాతగారి రెండో తమ్ముడి పెద్ద కూతురి కొడుకు" అని నోటితో చెబితే వినేవాడు సగంలోనే తప్పిపోతాడు. అదే కొమ్మలు గీసి పేర్లు రాస్తే పదేళ్ల పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. పేజీలో ఉన్న పాఠాన్నీ అలాగే కొమ్మలుగా, గడులుగా, బాణాలుగా మార్చుకోవచ్చు.

ఇలాంటి బొమ్మ పెద్ద పెద్దవాళ్ల కళ్లు కూడా తెరిపించింది. క్రిమియా యుద్ధం రోజుల్లో, 1854లో, ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇస్తాంబుల్ దగ్గర స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ సైనికులు గాయాలకంటే, నివారించదగిన రోగాలతోనే ఎక్కువగా చనిపోయారు. అంకెలు వరుసగా రాసి ఇస్తే ఎవరు చదువుతారు? అందుకని 1858లో ఆమె నెలకొక భాగం చొప్పున చక్రంలాంటి బొమ్మ గీయించారు. రోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, తక్కిన కారణాలకు నలుపు. నీలం ఎంత పరుచుకున్నదో చూడగానే తెలిసిపోతుంది. సైనిక ఆసుపత్రులలో పరిశుభ్రత కోసం ఆమె చేసిన పోరాటానికి ఆ బొమ్మ ఆయుధమైంది.

ఇక మన పిల్లల సంగతికి వద్దాము. హైదరాబాదు మూసీ వరదల పాఠం తీసుకోండి. "చదివావా?" అంటే "చదివాను" అంటారు. ఏం గుర్తుందంటే, జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు గుర్తుంది. మంచిదే. కాని వరద తరువాత ఏం జరిగింది, ఎందుకు జరిగింది అంటే నోరు పెగలదు. అప్పుడు పుస్తకం మూసి, మూడు గడులు గీయమనండి. మొదటి గడిలో: 1908 సెప్టెంబరులో కుండపోత వాన, మూసీ పొంగడం. బాణం వేసి రెండో గడిలో: వేలమంది మరణం, నగరం పాడవడం. మళ్లీ బాణం వేసి మూడో గడిలో: విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, వరద నీటిని ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం. ఇప్పుడు అడగండి, ఆ రెండు చెరువులు ఎందుకు కట్టారని. బాణం వెంట వెనక్కి పోయి వాడే చెబుతాడు.

ఏ విషయానికి ఏ ఆకారం? ఒకదాని తరువాత ఒకటి జరిగితే బాణాలు. రెండింటిని పోల్చాలంటే పక్కపక్కన రెండు గడులు. రకాలు, ఉపరకాలు ఉంటే కొమ్మలు. అమెరికాలో డోనా ఓగల్ అనే విద్యావేత్త 1986లో మూడు గడుల పద్ధతి ఒకటి చెప్పారు. నాకు తెలిసింది, తెలుసుకోవాలనుకున్నది, తెలుసుకున్నది. మొదటి రెండూ పాఠానికి ముందు, మూడోది తరువాత నింపాలి. పైసా ఖర్చు లేదు.

తల్లులకు ఒక మాట. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతారు. "వాడి పుస్తకం మాకు రాదు, మేమేం చెప్పగలం?" అని మీరు వెనుకాడతారు. చెప్పనక్కర లేదమ్మా, అడిగితే చాలు. "బేటా, ఈ గడిలో ఏముంది? ఈ బాణం ఇటెందుకు పోయింది?" అని ఉర్దూలోనే అడగండి, వాడు ఉర్దూలోనే చెప్పనీయండి. తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగాడంటే పాఠం వాడికి వచ్చినట్టే. చెప్పలేక ఆగిన చోట మళ్లీ చదవాలి. ఈ పనికి చదువురాని తల్లి కూడా మంచి మాస్టరే.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. గైడులో అచ్చువేసిన చార్టును రంగుల పెన్సిళ్లతో దించుకుంటే లాభం లేదు. వంకరటింకరగా ఉన్నా సొంతంగా గీసిందే గుర్తుంటుంది. రెండోది, ఇతరులు గీసిన గ్రాఫు చూసి మోసపోవద్దు. ఒక బడిలో నూటికి 90 మంది, మరో బడిలో 95 మంది పాసయ్యారనుకోండి. గీత 85 దగ్గర మొదలుపెడితే రెండో స్తంభం మొదటిదానికి రెట్టింపు కనిపిస్తుంది. కనుక స్తంభం ఎత్తు చూసే ముందు, అడుగున ఏ అంకె ఉందో చూడండి.

మా విన్నపం ఒక్కటే. ఈ వారం ఇంట్లో ఒక పాఠమో, ఒక ప్రకటనో తీసుకుని, పిల్లలతో కలిసి ఒక్క కాగితం మీద గీయండి. ఏ గడి ఖాళీగా మిగిలితే దానికి సిగ్గుపడకండి, అడగండి. ఆ ఖాళీ ఆనాడే మాకు కనబడి ఉంటే మా ఇంటి గాజులు తాకట్టుకు వెళ్లేవి కావు.