కంట్లో ఏం వేశారు?

వరి కోతల వేళ కంట్లో వడ్లగింజ కొట్టుకుంటుంది. కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. ఒకరు ఆకు పసరు పిండమంటారు, ఇంకొకరు చనుబాలు వేయమంటారు, మరొకరు ఆముదం చుక్క చాలంటారు. నాలుగు రోజులు చూసి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ముందుగా అడిగేది ఒకటే: "కంట్లో ఏమైనా వేశారా, పెద్దమ్మా?"

తిడతారేమోనని చాలామంది "ఏం వేయలేదు" అనేస్తారు. అనుభవమున్న డాక్టరు తిట్టరు. "అందరూ చేసేదేలే, చెప్పు" అంటారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర గీసుకుపోయినప్పుడు, పసరుతో పాటు బూజు, బాక్టీరియా లోపలికి చేరతాయి. పుండు పడుతుంది. అది మానినా కంట్లో పువ్వు మిగిలిపోవచ్చు.

అలాగని మంచి డాక్టరు అన్నిటినీ కొట్టిపారేయరు. "పొన్నగంటి కూర, మునగాకు కడుపుకి పెట్టు, కంటికి పెట్టకు" అంటారు. నీటికాసుల రోగికి మాత్రం గట్టిగానే చెబుతారు: వేరే వైద్యం కోసం చుక్కల మందు మానేయకండి, పోయిన చూపు తిరిగి రాదు.

కంటి కోసం వాడే విటమిన్ బిళ్లల సంగతీ చెప్పాలి. పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే 2013లో వెలువడిన అమెరికా అధ్యయనం ఏరెడ్స్-2 దాని బదులు ల్యూటిన్, జియాజాంథిన్ సూచించింది.

కాబట్టి ఆయుర్వేదమైనా, హోమియో అయినా, వాడుతున్న సీసా సంచిలో వేసుకెళ్లండి. దాచకుండా చెప్పండి.