పేర్లులేని బొందలగడ్డలు: డోర్నకల్ తొలితరం సమాధులు

  

డోర్నకల్ ఎదుగుదలకు మూలం బొగ్గు. ఇల్లందు దగ్గర 1870ల మొదట్లో విలియం కింగ్ బొగ్గుపొరలు గుర్తించాడు. ఆ బొగ్గు కోసం నిజాం రైలు 1880ల చివరికి ఈ అడవిలోకి వచ్చింది, ఇక్కడ జంక్షన్ పడింది. రైలు వెనకే తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు వచ్చారు. 1903లో పాలయంకోటలో వాళ్లు పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీకి డబ్బూ మనుషులూ ఈ దేశంవాళ్లే. మరుసటి ఏడాది ఆ సంఘం తరఫున శామ్యూల్ పాక్యనాథన్ ఇక్కడికి చేరాడు. 1909లో అజరయ్యగారు వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదులుకుని వచ్చారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

ఇదంతా మనకు కంఠతా వచ్చు. కాని ఆయన బోధ విన్నవాళ్లెవరు? చుట్టుపక్కల పల్లెల మాల, మాదిగ కుటుంబాలు. బాప్తిస్మం తీసుకున్న మొదటి ఇంటాయన, రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన మొదటి ఆడబిడ్డ, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్‌కు రాళ్లు మోసిన కూలీలు. గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒక్క కప్పు కిందికి తెచ్చిన ఆ కట్టడాన్ని చూడ్డానికి ఇప్పటికీ జనం వస్తారు. దాన్ని కట్టిన చేతులు ఏ బొందలగడ్డలో ఉన్నాయని మాత్రం ఎవరూ అడగరు.

ఇలా అడిగే చోట్లూ ఉన్నాయి. అమెరికా పచ్చికమైదానాల్లో బండ్లు కట్టుకుని వెళ్లిన తొలి కాపురస్తుల శ్మశానాలకు ప్రత్యేక గుర్తింపు ఉంది. అయోవా రాష్ట్రం వాటికి చట్టంలోనే చోటిచ్చింది. అక్కడి సీడర్ కౌంటీలో రోచెస్టర్ శ్మశానం పేరు ముఖ్యంగా చెప్తారు. నాగలి తాకకపోవడంతో, చుట్టూ మొక్కజొన్న చేలు మింగేసిన పాత గడ్డీ పూలమొక్కలూ ఆ సమాధుల మధ్యే బతికిపోయాయి. 

మనకూ అలా నాగలి తాకని నేల ఉంది. తాడ్వాయి అడవిలో, దామరవాయి గుట్ట మీద రాకాసి గుళ్లు చూసినవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. నిలువు బండలు, పైన పెద్ద సల్ప. అవి ఇనుప యుగపు సమాధులు. అడవిలో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. జనగామ మైదానంలో అలాంటి రాతిగూళ్లు ఎన్నో దున్నకాల్లో, కంకర క్వారీల్లో కలిసిపోతున్నాయి. కాటాపూర్ వైపున్న శిలువ ఆకారపు రాళ్లను 1868లో మల్హెరాన్ అనే దొర రాతకెక్కించాడు. శిలువ కనబడగానే క్రైస్తవం గుర్తుకు రావడం సహజమే. కాని అవి మనిషి ఆకారాలని, క్రీస్తుకు ముందటి కాలానివని తర్వాత పండితులు తేల్చారు. మనకంటే ముందు ఈ నేలలో పడుకున్నవాళ్లు వాళ్లు, వాళ్ల పేర్లు అడగడానికి దారే లేదు.

నూరేళ్ల కిందట పోయినవాళ్ల సంగతి అలా కాదు, దారి ఉంది. నిజాం రాజ్యంలోని సమాధి శాసనాలను క్రాఫ్టన్ అనే దొర 1941లో పుస్తకంగా వేశాడు. అందులో ప్రధానంగా యూరోపియన్లే. వాళ్లకు చెక్కిన రాయి ఉంది, రాసుకునే దొర ఉన్నాడు. మన పల్లె సంఘంలో ఒక మట్టిదిబ్బ, దాని మీద కర్రశిలువ. రెండు వానాకాలాలకు శిలువ చెదలు తినేస్తుంది. అయితే సంఘంలో గురువులు పెట్టిన భూస్థాపన రిజిస్టర్ చెదలకు దొరకకుండా బీరువాలో ఉండొచ్చు. చనిపోయిన తేదీ, పాతిపెట్టిన తేదీ, పేరు, వయసు, వృత్తి, మరణకారణం, గురువు సంతకం: పాత ఆంగ్లికన్ రిజిస్టర్ల గళ్లివి. 1918 ఇన్‌ఫ్లూయెంజా ఏ వాడను ఎంత ఊడ్చిందో చెప్పే సాక్ష్యం ఆ గళ్లలోనే దొరకాలి. చెక్కిన రాయికంటే ఈ పుస్తకాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. రాయి పెట్టించడానికి డబ్బు కావాలి, ఈ పుస్తకంలో పేరు ఎక్కడానికి చావు చాలు.

పుస్తకంలో పేరు మిగిలినా, నేల కూడా మిగలాలి. ప్రభుత్వం ఊరూరా వైకుంఠధామాలనే శ్మశానవాటికలు కట్టింది. మంచిదే. కాని క్రైస్తవుల బొందలగడ్డకు హద్దురాళ్లు, పట్టాలో గీత లేని పల్లెలు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట పక్క చేను ఏటా ఒక సాలు లోపలికి జరుగుతుంది. వాడలో అడిగేవాళ్లు తక్కువ, అడిగినా వినేవాళ్లు ఇంకా తక్కువ.

కాబట్టి పెద్ద పథకాలేవీ నేను అడగను. నవంబర్ 2న సమాధుల పండుగకు అందరం సున్నం బకెట్లతో వస్తాం. ఆ సున్నమే ఏడాదికో పొర చొప్పున పాత అక్షరాలను పూడ్చేస్తోంది. ఈసారి సున్నం వెయ్యకముందే, పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ, ప్రతి రాయికీ ఫోటో తీయండి. అక్షరాలను ఇనుప బ్రష్షుతో గీకొద్దు, మెత్తటి కుంచె, నీళ్లు చాలు. రిజిస్టర్లను పేజీ పేజీ ఫోటో తీసి ఒక ప్రతి డయాసిస్ ఆఫీసులో, ఒకటి ఆ సంఘంలో ఉంచండి. రాయి లేని సమాధి ఎవరిదో తెలిసిన ముసలమ్మలు ప్రతి వాడలోనూ ఒకరిద్దరు ఉన్నారు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.