గోడు వినేవాళ్లేరీ?

 

మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన రష్యన్ రచనల తెలుగు అనువాదాలను విశాలాంధ్ర దుకాణాల్లో కొని చదువుకున్న తరం మాది. ఆ పుస్తకాల ప్రస్తావన రాగానే ‘రష్యన్ ఆత్మలోనే విషాదం ఉంది’ అనేయడం మనకు అలవాటు. నేను ఒప్పుకోను. ఆ కథల్లోని ఒంటరితనానికి కారణాలు వీధిలో, కచేరీలో, కుటుంబంలో కనిపిస్తాయి. ఒకరి గోడు ఒకరికి పట్టకపోవడమే దాని మూలం.

1722లో పీటర్ చక్రవర్తి ప్రభుత్వ కొలువును 14 అంతస్తులుగా విభజించాడు. 1842లో వెలువడిన గోగోల్ ‘ఓవర్‌కోటు’లో అకాకి అకాకియెవిచ్‌ది పైనుంచి తొమ్మిదో అంతస్తు. దొంగలు కోటు లాక్కుపోయారని చెప్పుకోబోతే పెద్ద అధికారి గద్దించి పంపేశాడు. చలికంటే ఆ గద్దింపే అతణ్ణి ముందు కూల్చింది. చెహోవ్ 1886 నాటి కథలో బండి తోలే ఇయోనా కొడుకును పోగొట్టుకున్నాడు. బండెక్కిన ప్రతివాడికీ చెప్పబోయాడు. వాళ్లకు తొందర. చివరికి తన గుర్రానికే చెప్పుకున్నాడు.

ప్రేమకథలనూ ఇలాగే చదవవచ్చు. దొస్తొయేవ్‌స్కీ ‘శ్వేతరాత్రులు’ (1848) నాయకుడు పీటర్స్‌బర్గ్‌లో ఎనిమిదేళ్లున్నా పరిచయస్తులంటూ లేనివాడు. నాస్తెంకాను ఆమె గుడ్డి అవ్వ తన బట్టలకు పిన్నీసుతో గుచ్చి కూర్చోబెట్టుకుంటుంది. ఆ ఇద్దరూ ఒకరి కథ ఒకరు వింటారు. ఆమె తాను ఎదురుచూసిన మనిషితో వెళ్లిపోయినా అతను నిష్ఠూరమాడడు.

చెహోవ్ 1899 నాటి యాల్టా కథలో గూరొవ్ మాస్కో తిరిగొచ్చి, తాను యాల్టాలో కలుసుకున్న అన్నా అనే స్త్రీ గురించి క్లబ్బు మిత్రుడి దగ్గర ఎత్తుతాడు. అతగాడు తిన్న చేప వాసనొచ్చిందని బదులిస్తాడు. తను బతుకుతున్నది ఎంత బోలు బతుకో గూరొవ్‌కు ఆ రాత్రి తెలిసొస్తుంది. అన్నాను వెతుక్కుంటూ ఆమె ఊరికి బయలుదేరతాడు.

వినే మనిషి దొరికితే చాలునా? టాల్‌స్టాయ్ అన్నా కరేనినాకు వ్రోన్‌స్కీ ప్రేమ దొరికింది. కొడుకు దూరమయ్యాడు, పెద్దమనుషుల ఇళ్ల తలుపులు మూసుకున్నాయి. నలుగురూ వెలేశాక ఆ ఒక్క ప్రేమ మీదే బతుకు బరువంతా పడింది. అది మోయలేకపోయింది. నా వాదానికి ఈ నవల ఒక హద్దు గీస్తుంది. దాన్ని దాటవేసి చదవడం న్యాయం కాదు.

అందుకే ఈ సదస్సు పత్రసమర్పకులకు నా మనవి ఒక్కటే. పాత్ర ఎంత దుఃఖపడిందో చెప్పి ఊరుకోకండి. ఎవరితో చెప్పుకోబోయింది, వాళ్లెందుకు మొహం తిప్పుకున్నారు, ఆ మొహం తిప్పుకోవడంలో హోదాకు, డబ్బుకు, స్త్రీ పురుష భేదానికి ఎంతెంత వాటా ఉందో తేల్చండి. మీ వాదాలు నా అభిప్రాయాన్ని తోసిపుచ్చితే ఇంకా సంతోషం. అధ్యక్షుడిగా సదస్సు ప్రారంభమైనట్టు ప్రకటిస్తూ మొదటి పత్రాన్ని ఆహ్వానిస్తున్నాను.