బీరువా, బ్యూరో



తెలుగువారి యింట పట్టుచీరలు, పొలము దస్తావేజులు దాచుకొను బీరువాయు, ప్రెస్ ఇన్‌ఫర్మేషన్ బ్యూరోలోని బ్యూరోయు ఒక్క పదమే.

పూర్వ ఫ్రెంచిభాషలో 'బ్యురెల్' అనగా ముతక ఉన్నిబట్ట. మన గొంగళి వంటి దనుకొనవచ్చును. దానిని వ్రాతబల్లపై పఱచెడివారు. క్రమముగా బట్టపేరు బల్లకును, బల్లపేరు గదికిని, గదిపేరు అందు పనిచేయు శాఖకును సంక్రమించినది. మన ఆలంకారికులు లక్షణ యనునది ఇదియే. ఇంగ్లీషులోనికి ఈ పదము 17వ శతాబ్ది చివర సొరుగుల వ్రాతబల్లగా వచ్చి, అమెరికాలో బట్టలుంచు సొరుగుల పెట్టెయైనది. తెలుగున సొరుగులు పోయి తలుపులు, తాళము వచ్చినవి. హిందీవారి అల్మారీ మాత్రము పోర్చుగీసువారి సొత్తు. దాని లాటిను మూలమునకు ఆయుధములుంచు చోటని యర్థము.

బల్ల రాక మునుపే ఆ బట్టపేరు ఇంగ్లీషులో నుండెను. 14వ శతాబ్దిలో చాసరు కవి కాంటర్‌బరీ కథలలో ఒక భూస్వామి తాను చదువెఱుగని మోటువాడనని చెప్పుకొనుటకు వాడిన విశేషణము ఈ బట్టపేరే యని నిఘంటుకారుల అభిప్రాయము. మోటుతనమునకు గుర్తైన బట్ట చదువరుల బల్లకెక్కుట వింత కాదా!

'బ్యూరో'కు పాలన యను అర్థము గల గ్రీకు పదమును అతికి 'బ్యూరోక్రసీ'ని కల్పించినవాడు వాన్సాన్ ద గూర్నే యందురు. ఈయన 1751 నుండి ఫ్రెంచి ప్రభుత్వ వాణిజ్యశాఖలో ఉన్నతోద్యోగి, 1759లో మరణించెను. అనగా ఇది లోపలివాడే పెట్టిన పేరు. 1765లో గ్రిమ్ తన లేఖలో ఈ మాటను ప్రస్తావించుచు, కార్యాలయములు నిలుచుటకే ప్రజాహితము ఏర్పడినట్లున్నదని వాపోయినాడు. నిలిచిపోయిన పింఛను కాగితమునకై మెట్లెక్కి దిగు వృద్ధునకు ఈ మాటపై వ్యాఖ్యానమక్కఱలేదు. అతని కాగితమున్నది బల్లమీదనో, బీరువాలోనో!

ఈ మాటకు హిందీలో 'నౌకర్‌షాహీ' యనిరి. తెలుగున 'ఉద్యోగిస్వామ్యము' అనిరి. గూర్నే నింద మోపినది బల్లమీద. అనువాదకులు మోపినది బల్లవెనుక కూర్చున్న మనుష్యునిమీద. పింఛనుదారుని దృష్టిలో అనువాదకులదే ఒప్పు కావచ్చును.