పసిబిడ్డ పొట్ట ఉబ్బితే



పుట్టిన బిడ్డ మొదట నల్లగా, జిగురుగా విరేచనం చేస్తుంది. నెలలు నిండిన బిడ్డల్లో చాలామందికి అది మొదటి రోజే అవుతుంది. రెండు రోజులైనా కాకపోతే అనుమానించాలి. పొట్ట డప్పులా ఉబ్బుతుంది. బిడ్డ పాలు తాగదు. తాగినా పచ్చగా కక్కుతుంది.

అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తారు? దిష్టి తీస్తారు. ఆముదం పోస్తారు. తమలపాకు తొడిమ పెడతారు. తొడిమ పెడితే ఒక్కోసారి విరేచనం అవుతుంది కూడా. అదే చిక్కు! తగ్గిపోయిందనుకుంటారు. మళ్ళీ పొట్ట బిగుస్తుంది. పచ్చ వాంతి అయిందంటే ఇక గంట కూడా ఆగకూడదు.

ఇదెందుకు వస్తుంది? పేగు కదులుతూ మలాన్ని కిందికి నెడుతుంది. ఆ పని చేయించేవి పేగు గోడలోని నరాల కణాలు. బిడ్డ కడుపులో పడ్డాక, మొదటి మూడు నెలల్లో, ఈ కణాలు పైనుంచి కిందికి దిగుతాయి. కొందరిలో చివరిదాకా చేరవు. కణాలు లేని ముక్క ముడుచుకుపోయి ఉంటుంది. మలం దాటదు. దాని పైనున్న పేగు ఉబ్బుతుంది.

సుమారు 5,000 మంది బిడ్డల్లో ఒకరికి ఇలా అవుతుంది. మగపిల్లల్లో ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో వంశంలో వస్తుంది. తల్లి తిన్న తిండి వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు. కోడలిని ఆడిపోసుకోవడం అన్యాయం.

డెన్మార్క్ డాక్టరు హిర్ష్‌స్ప్రంగ్ 1886లో ఈ జబ్బు గురించి చెప్పాడు. జబ్బుకు ఆయన పేరే పెట్టారు. అప్పట్లో ఉబ్బిన పేగుదే తప్పనుకున్నారు. తప్పు కింది ముక్కదని తేలాక, 1948లో స్వెన్సన్ అనే అమెరికా డాక్టరు దానికి తగిన ఆపరేషన్ చూపించాడు.

ముందు మలద్వారం గుండా మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. లోపలినుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కణాలు లేవని తేలితే ఆ భాగం తీసేస్తారు. మంచి పేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కలుపుతారు. బిడ్డ నీరసంగా ఉంటే ముందు పొట్టమీద దారి పెట్టి, సంచి కడతారు. అది చూసి తల్లులు హడలిపోతారు. అది కొన్నాళ్ళకే. తర్వాత మూసేస్తారు.

విశాఖలో పెద్దాసుపత్రి, అదే 1923లో తెరిచిన కేజీహెచ్‌లో, పిల్లల ఆపరేషన్ల విభాగం ఉంది. గాజువాక వాళ్ళయినా, హార్బరు వాళ్ళయినా, పాడేరు కొండమీది వాళ్ళయినా అక్కడికే వస్తారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. కార్డు పట్టుకెళ్ళి ఆరోగ్యమిత్రను అడగాలి.

ఆపరేషన్ అయ్యాక కూడా కొందరికి మళ్ళీ పొట్ట ఉబ్బి, జ్వరం, కంపు కొట్టే నీళ్ళ విరేచనాలు వస్తాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి.