ఆఫ్రికాన్స్ నేర్చుకోవాలంటే ఏ నిఘంటువు?

దక్షిణాఫ్రికా వెళ్లి ఆఫ్రికాన్స్ నేర్చుకునే మన తెలుగువారికి ఇంగ్లీషు మీదుగా వెళ్లే నిఘంటువే దారి. కొనేముందు అందులో 'ఓప్‌స్టాన్' అనే క్రియ తీసి చూడండి. లేవడం అని అర్థం. వాక్యంలో అది రెండుగా విడిపోతుంది. 'ఎక్ స్టాన్ ఓప్' అంటే 'నేను లేస్తాను'. భూతకాలంలో 'ఓప్‌ఖెస్టాన్' అవుతుంది. క్రియ విడిపోతుందని గుర్తు పెట్టి, ఈ రూపాలు, నామవాచకాల బహువచనాలు, చిన్న ఉదాహరణ వాక్యాలు ఇచ్చిన పుస్తకమే నేర్చుకునేవారికి అక్కరకొస్తుంది. మాటకో అర్థం ఇచ్చి వదిలేసే జేబు నిఘంటువు ప్రయాణికులకు చాలు, విద్యార్థికి చాలదు. దగ్గరి భాషే కదా అని డచ్ నిఘంటువుతో సరిపెట్టుకోకండి. 1925లోనే అధికార భాషగా గుర్తింపు పొందిన ఆఫ్రికాన్స్‌కు స్పెల్లింగు వేరు, వ్యాకరణం వేరు. అచ్చయిన సంవత్సరం కూడా చూసుకోండి. పాత ముద్రణల్లో కొత్త మాటలు దొరకవు.