భయం కూడా ఒక అమానతే

(ఖుత్బయె మస్నూనా అనంతరం)

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనకు చూపును, వినికిడిని, హృదయాన్ని ప్రసాదించినవాడు ఆయనే. శాంతిశుభాలు అంతిమ దైవప్రవక్త మహనీయ ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన వర్షించుగాక!

మాన్య సోదరులారా! పరదా వెనుక ఆసీనులైన తల్లులారా, సోదరీమణులారా! ముందుగా మాకూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మెలగవలసిందిగా హితవు చేసుకుంటున్నాము.

నేటి విషయం కొందరు పెద్దలకు కొత్తగా తోచవచ్చు. యువకులకు మాత్రం చిరపరిచితం. భయానక చలనచిత్రాలను పదిమంది మిత్రులు ఒక బృందంగా ఏర్పడి, ఎవరి గదిలో వారుంటూనే ఇంటర్నెట్ ద్వారా ఒకే సమయంలో చూస్తున్నారు. చూస్తున్నంతసేపూ సందేశాలు పంపుకుంటారు. ముగిసిన తర్వాత గంటల తరబడి చర్చించుకుంటారు. 2020 లాక్‌డౌన్ కాలంలో ఇళ్లకే పరిమితమైన మన పిల్లల్లో ఎందరికో అబ్బిన ఈ అలవాటు, తలుపులు తెరుచుకున్నాక కూడా నిలిచిపోయింది. ఒకరు హైదరాబాదులో, ఒకరు గుంటూరు హాస్టల్‌లో, ఒకరు రియాద్‌లో, మరొకరు కువైట్‌లో ఉంటారు. అందరి తెరల మీద అదే దయ్యం అదే క్షణంలో ప్రత్యక్షమవుతుంది.

చలనచిత్రాల ధర్మసమ్మతిపై ఈ మింబర్ నుండి ఫత్వా ప్రకటించడం నేటి ఉద్దేశం కాదు. అశ్లీలత, షిర్క్, చేతబడి నిండిన దృశ్యాల గురించి ఉలమా ఏమంటారో మీరెరుగుదురు. నేడు మేము ఒక్క ప్రశ్నపైనే నిలవదలిచాము. మన గుండెలోని భయం ఎవరిది? దాన్ని మనం ఎక్కడ వెచ్చిస్తున్నాము?

సోదరులారా! మొదట న్యాయంగా మాట్లాడుకుందాము. ఈ పిల్లలు అలా ఎందుకు చేరుతున్నారు? చాలామందిని చేర్చేది దయ్యం మీది మక్కువ కాదు, ఒంటరితనం. ఊరు విడిచి, తల్లి చేతి ముద్ద విడిచి, పన్నెండు గంటల డ్యూటీ చేసి గదికి చేరిన యువకుడికి రాత్రి తన భాషలో పలకరించే గొంతు కావాలి. భయపడినప్పుడు పక్కన ఎవరో ఉన్నారన్న ధైర్యం కావాలి. మనిషికి తోడు కావాలనడం తప్పు కాదు. ఆ తోడును మన మస్జిదులు, మన ఇళ్లు ఇవ్వలేకపోయినప్పుడు తెర ఇస్తున్నది. కనుక ఈ మాట పిల్లలకెంత వర్తిస్తుందో పెద్దలకూ అంతే వర్తిస్తుంది.

జుమా రోజున మనం పఠించే సూరా కహఫ్‌ను ఈ దృష్టితో ఒకసారి చూడండి. అందులో ఉన్నది కూడా ఒక యువబృందమే. వారినీ భయం తరిమింది. అది కల్పిత భయం కాదు. తమ జాతి పట్టుకుంటే రాళ్లతో కొట్టి చంపుతుంది, లేదా బలవంతంగా విగ్రహారాధనలోకి మరలుస్తుంది. ఆ భయంతో వారు ఏం చేశారు? ఒక్కటై నిలిచి, గుహను ఆశ్రయించి, తమ ప్రభువు కారుణ్యాన్ని, తమ వ్యవహారంలో సన్మార్గాన్ని అర్థించారు. అల్లాహ్ వారి హృదయాలను దృఢపరిచాడు. అంతటితో ఆగలేదు. ఎవరైనా లోపలికి తొంగిచూస్తే భయంతో గుండె నిండిపోయి వెనుదిరిగి పారిపోయేంత భీతిని ఆ దృశ్యంలో ఉంచాడని 18వ ఆయతు తెలుపుతున్నది. గమనించారా? ఏ భయం వారిని తరిమిందో ఆ భయమే చివరకు వారికి కావలి అయింది. ఎందుకంటే వారు దాన్ని తీసుకుని సరైన ద్వారం వద్దకు వెళ్లారు.

భయానికి గీటురాయి ఇదే. మనల్ని అల్లాహ్ వైపు నడిపించే భయం వరం. ఆయన నుండి మరలించి మరొకరి పాదాల దగ్గర పడవేసే భయం ఉచ్చు. సూరా జిన్న్ 6వ ఆయతు అజ్ఞానకాలపు ఒక ఆచారాన్ని ప్రస్తావిస్తుంది. నాటి అరబ్బులు ప్రయాణంలో నిర్జనమైన లోయలో రాత్రి బస చేయవలసి వస్తే ఆ లోయను ఏలే జిన్నును శరణు వేడేవారు. ఫలితం? వారి బెదురు తగ్గలేదు, జిన్నాతుల పొగరు మరింత పెరిగింది. తప్పుడు శరణు భయాన్ని పోగొట్టదు, దాన్ని పెంచి పోషిస్తుంది.

ఇక ఈ చిత్రాల్లో శరణు ఎక్కడ ఉంటుంది? చాలా కథల్లో దుష్టశక్తికి హద్దు లేదు, ఆ ఇంటిమీద ప్రభువు లేడు. గంటన్నర సేపు బెదిరించి, చివరి దృశ్యంలో దయ్యం ఇంకా చావలేదని చూపి వదిలేస్తారు. రెండో భాగానికి అదే పెట్టుబడి. ప్రేక్షకుడు గుండె నిండా భయంతో, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా పడక మీద మిగిలిపోతాడు. కాని మన విశ్వాసం ఏమిటి? జిన్నాతులు ఉన్నారు, మేము కాదనడం లేదు. వారూ మనవలె సృష్టించబడినవారే, మనవలె లెక్క అప్పగించవలసినవారే. అల్లాహ్ అనుమతి లేనిదే వెంట్రుకనైనా కదపలేనివారు. షైతాన్ తన మిత్రుల పేరు చెప్పి మిమ్మల్ని బెదిరిస్తాడు, వారికి గాక నాకు భయపడండని ప్రభువు సూరా ఆలి ఇమ్రాన్ 175వ ఆయతులో హెచ్చరించాడు.

ఈ భయం తెరతోనే ముగిసిపోతే మేమింత చెప్పకపోదుము. నిద్రపట్టని బిడ్డను చూసి బెంబేలెత్తిన తల్లి ఎక్కడికి వెళుతుంది? అర్థం కాని గీతలు గీసి తావీజు అమ్మేవాని గుమ్మానికి, నల్లకోడిని తెమ్మనే ఆమిల్ గుమ్మానికి. సినిమా టిక్కెట్టు వెల కొంచెమే. దాని తర్వాత వచ్చే భయం వెల కొన్ని ఇళ్లలో నగలు తాకట్టు పెట్టించింది, కొన్ని ఇళ్లలో ఈమాన్‌నే తాకట్టు పెట్టించింది.

ఇక చర్చ సంగతి. సూరా కహఫ్ 22వ ఆయతులో మరో హెచ్చరిక ఉంది. ఆ యువకులు ముగ్గురని కొందరు, అయిదుగురని కొందరు, ఏడుగురని కొందరు వాదులాడతారట. కానరాని విషయంపై గురిలేని రాళ్లు విసరడంగా అల్లాహ్ వీటిలో మొదటి రెండు ఊహాగానాలను వర్ణించాడు. మన పిల్లల అర్ధరాత్రి చర్చల్లో కొన్ని ఇలాంటి రాళ్లే. జిన్ను ఏ రూపంలో వస్తుంది, చనిపోయినవారి ఆత్మ ఎలా ఆవహిస్తుంది అన్న ప్రశ్నలకు జవాబులు ఖుర్ఆన్ నుండి గాక కథారచయిత నుండి వస్తున్నాయి.

ఉదాహరణలు చూడండి. తుర్కీలో 2006లో 'దబ్బె', 2014లో 'సిజ్జీన్' అనే భయానక చిత్రాలు వచ్చాయి. తరువాత వాటికి అనేక భాగాలూ వచ్చాయి. ఈ రెండూ ఖుర్ఆన్ పదాలే. దాబ్బతున్ అనేది ప్రళయ సూచనగా భూమి నుండి వెలువడి మనుషులతో మాట్లాడే జీవి, దాని ప్రస్తావన సూరా నమ్ల్‌లో ఉంది. సిజ్జీన్ దుర్మార్గుల కర్మపత్రానికి సంబంధించిన పదం, దాన్ని సూరా ముతఫ్ఫిఫీన్‌లో తూనికల్లో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ప్రస్తావించడం జరిగింది. ఆ పదం వినగానే తన త్రాసు సరిగా ఉందా అని గుండె అదరవలసిన యువకుడికి నేడు ఒక సినిమా పోస్టరు గుర్తుకువస్తే, నష్టం ఎవరిది?

మన తెలుగులోనే 2022లో 'మసూద' వచ్చింది. ఒక ముస్లిం స్త్రీ ఆత్మ ఒక బాలికను ఆవహించడం దాని కథ. ఆ బాలికను కాపాడ పూనుకునేవారిలో ముస్లిములూ ఉన్నారు, ఆ మాట దాచడం న్యాయం కాదు. అయినా రెండు సంగతులు మన పిల్లలకు తెలియాలి. మొదటిది, మరణించిన ఆత్మ పగ తీర్చుకోవడానికి తిరిగి రాదు. పునరుత్థాన దినం వరకు దాని ముందు బర్జఖ్ అనే అడ్డుతెర ఉన్నదని సూరా మోమినూన్ 100వ ఆయతు స్పష్టం చేసింది. రెండవది, మసూద అంటే భాగ్యవంతురాలు. మన ఇళ్లలో ఆడపిల్లకు ఎంతో ప్రేమతో పెట్టుకునే పేరు అది. హాస్టల్ గదిలో తోటివారు అలాంటి చిత్రం చూసి నవ్వుకుంటూ, కేకలు వేసుకుంటూ ఉంటే, ఆ పేరుగల అమ్మాయి మనసు ఏమవుతుందో ఆలోచించండి. చర్చించవలసిందేదైనా ఉంటే ఇది చర్చించండి.

సమయం మాటకు వద్దాము. సౌదీలో, కువైట్‌లో శుక్రవారం సెలవు గనుక బృందాలు గురువారం రాత్రి కూడుతున్నాయి. రియాద్‌లో పది గంటలైతే మనకు పన్నెండున్నర. రెండు గంటల చిత్రం, గంట చర్చ ముగిసేసరికి మూడున్నర. ఫజ్ర్ అజాన్‌కు కాస్త ముందు కన్ను మూతపడుతుంది. సూర్యాస్తమయంతోనే మన దినం మారుతుంది గనుక అది జుమా రాత్రి. దరూద్ పఠించవలసిన రాత్రి అలా గడిచి, ఉదయం ఫర్జ్ నమాజు చేజారుతున్నది. ఇషాకు ముందు నిద్రను, ఇషా తర్వాత కబుర్లను మహాప్రవక్త (స) ఇష్టపడేవారు కారని బుఖారీ గ్రంథంలో ఉంది.

మరో విషయం. చిత్రం చూసి వచ్చి చీకట్లో చెల్లెలిని ఉలికిపడేలా చేసి, దాన్ని వీడియో తీసి బృందంలో పంచుకోవడం వినోదమైపోయింది. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని తాడును ఎవరో తీసుకోగా అతను అదిరిపడ్డాడు. ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అప్పుడే తేల్చిచెప్పారు. అబూ దావూద్ గ్రంథంలోని ఉల్లేఖనమిది. ఒక తాడు విషయంలోనే ఇంత పట్టింపు అయితే, పసిపిల్లల నిద్ర చెడగొట్టే ఆటకు ఏమని జవాబివ్వగలము?

మరి మన ప్రవక్త (స) సంప్రదాయం ఏమిటి? హజ్రత్ అనస్ (రజి) తెలిపిన సంఘటన వినండి. ఒక రాత్రి మదీనాలో పెద్ద శబ్దం వినవచ్చి జనం భీతిల్లారు. కొందరు ధైర్యం చేసి ఆ దిక్కుగా బయలుదేరారు. దారిలోనే మహాప్రవక్త (స) వారికి ఎదురయ్యారు. అందరికన్నా ముందే వెళ్లి చూసి తిరిగి వస్తున్నారు. అబూ తల్హా (రజి) గారి గుర్రం మీద, జీను కూడా లేకుండా, మెడలో ఖడ్గం వేలాడుతుండగా, బెదరవద్దని అందరికీ ధైర్యం చెబుతున్నారు. చీకట్లోకి తానే ముందు వెళ్లి, ఇతరుల గుండెలు కుదుటపరచడం వారి సున్నత్. మనం వారి ఉమ్మత్.

యువకులారా, బిడ్డలారా! మీ స్నేహాన్ని తెంచుకోమని మేము చెప్పము. ఆ బృందాన్ని నిలుపుకోండి, దాని పని మార్చండి. గురువారం రాత్రి మగ్రిబ్ తర్వాత అదే మిత్రులు అదే ఫోన్లలో కలిసి సూరా కహఫ్‌లో పది ఆయతులు చదివి, వాటి భావం చర్చించండి. ఆ సూరాలోని పది ఆయతులు కంఠస్థం చేసినవారికి అన్నిటికన్నా పెద్ద ఉపద్రవమైన దజ్జాల్ నుండి రక్షణ ఉందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మీలో నిద్రపట్టనివారుంటే, సిగ్గుపడక ఇమాముతోనో వైద్యునితోనో చెప్పండి. పడుకునేముందు ఆయతుల్ కుర్సీ చదవండి. చివరి మూడు సూరాలు చదివి, అరచేతుల్లో ఊది ఒళ్లంతా తుడుచుకోండి. ఇది ప్రవక్త (స) ప్రతి రాత్రి ఆచరించిన పద్ధతి. దీనికి రుసుము లేదు, మధ్యవర్తి లేడు.

తల్లిదండ్రులారా! ఫోన్ లాక్కోవడానికి ముందు పక్కన కూర్చోండి. వారానికి ఒక రాత్రి మీ గొంతు వినిపిస్తే, దూరదేశంలో ఉన్న బిడ్డకు దయ్యం తోడు అక్కరలేదు.

ఓ అల్లాహ్! మా హృదయాల్లో నీ భయం తప్ప మరే భయానికీ సింహాసనం వేయకు. మా ఇళ్లను నీ స్మరణతో నింపు. ఒంటరిగా ఉన్న మా బిడ్డలకు నీవే తోడుగా ఉండు. సమాధి చీకటిలో, ప్రళయదినపు భీతిలో మమ్మల్ని నీ నీడలో నిలుపు. ఆమీన్.

అఖూలు ఖౌలీ హాజా వ అస్తగ్ఫిరుల్లాహ లీ వ లకుమ్ వ లిసాయిరిల్ ముస్లిమీన్.